కత్తి అందుకో అంటే ఏ కత్తండీ?

"కాస్త ఆ కత్తి అందుకో" అంటారు గానీ, ఏ కత్తో చెప్పరేం? ఉల్లిపాయకా, కొబ్బరిబోండాకా, పక్కింటాయన మీదికా? చాకు, బాకు, కటారి, మచ్చుకత్తి, కొడవలి... మనకేం తక్కువా!

వంటింట్లో నా ఓటు కత్తిపీటకే. తెలంగాణలో ఈలపీట అంటారు. పేరేదైతేనేం, దాని దర్జా దానిది. చాకు మన చేతిలో ఆడుతుంది. ఇది కదలదు, మెదలదు. వంకాయే దాని దగ్గరికి వెళ్లాలి! పీటని కాలితో తొక్కిపెట్టి, రెండు చేతులా కాయని తోస్తే ముక్కలు తిన్నగా ఉప్పునీళ్ల గిన్నెలోకే. కొన్నింటికి కొసన కొబ్బరి కోరుకోవడానికి పళ్లు కూడానూ. ఏమంటారు, మోకాళ్లు పట్టేస్తాయనా? మోకాళ్లకేం, ఊరికే కూచున్నా పడతాయి.

చాకు అదృష్టమే వేరు. "చాకులాంటి కుర్రాడు" అంటే సంబంధం సగం కుదిరినట్టే. "కత్తిపీటలాంటి కుర్రాడు" అని చూడండి, పిల్లనిస్తారేమో!

అయితే వేసవి రానివ్వండి, ఆవకాయ ముందు చాకు పప్పులుడకవు. బజార్లో చూసే ఉంటారు, చెక్కకి ఒక కొస బిగించిన బరువైన కత్తి. కింద కాయ పెట్టి, పిడి పట్టుకుని ఒక్కటేస్తే టెంకతో సహా రెండు చెక్కలు. ముక్కముక్కకీ టెంక ఉండాల్సిందే, లేకపోతే ఊరేసరికి మెత్తబడిపోతుంది. అందుకే కాయలు కొట్టించే పెద్దావిడ రెప్ప వెయ్యదు. "ఆ ముక్కకి టెంకేదయ్యా?" అందంటే కొట్టేవాడి చెయ్యి ఆగిపోవాలి. ఆ గొంతు పదును ఏ కత్తికుంది చెప్పండి?

కొడవలి సంగతి మరీ విచిత్రం. వరి కోసుకుని ఇంటికి పోక, రాజకీయాల్లోకి దిగింది. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండయ్యింది కదా, ఒకరిది కంకి కొడవలి, ఇంకొకరిది సుత్తి కొడవలి. ఎవరు ఎటు పోయినా కొడవలి మాత్రం ఇద్దరి దగ్గరా ఉంది, గడుసుదే! దాని అన్నగారు వేటకొడవలిని సీమ సినిమాల వాళ్లు ఎంత తిప్పారో, పాపం.

సినిమా అంటే గుర్తొచ్చింది. జానపదాల్లో కత్తి తిప్పీ తిప్పీ కాంతారావుగారు కత్తి కాంతారావే అయిపోయారు. బాకులూ, పిడిబాకులూ ఆ రోజుల్లోవే. ఇక చురకత్తి అంటారా, నేనైతే ఏ కొట్లోనూ చూళ్లేదు. నవలా నాయికల చూపుల్లోనే దొరికేది. ధరెంతో!

కోడికత్తి మాత్రం పొట్టిదని చులకన చెయ్యకండి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో పుంజు కాలికి దాన్ని కట్టడం ఓ విద్య. ఎటు తిప్పి కట్టాలో, దారం ఎంత బిగించాలో తెలిసిన చెయ్యే కట్టాలి. పోలీసులు వద్దంటూనే ఉంటారు, పందెంరాయుళ్లు కడుతూనే ఉంటారు.

ఇన్ని కత్తులున్నాయి సరే, సాన పట్టేవాడేడండీ? సైకిలు స్టాండేసి, తొక్కుతూ, గిర్రున తిరిగే రాయి మీద నిప్పురవ్వలు రాల్చేవాడు. పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్లం. మీ వీధిలోకొస్తే ఓ కేకెయ్యండి, మా కత్తెర్లు కూడా పట్టుకొస్తా.