మోర్తాడు దారిలో తెల్లరాళ్లు

ఆర్మూరులో జగిత్యాల బస్సెక్కాను. సిద్ధుల గుట్ట రాళ్లు కనుమరుగైన కాసేపటికే పసుపు ఉడికే వాసన కిటికీలోనుండి లోపలికి వచ్చింది. ఫిబ్రవరి మాసము. ఈ దినములలో మోర్తాడు వెళ్లినవారెవరూ ఆ వాసన బట్టలకు అంటకుండా తిరిగి రారు. జూన్‌లో నాటిన పసుపు దాదాపు తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. దానిని త్రవ్వి, కొమ్ములు విరిచి, ఉడికించి, కల్లంలో ఎండబోసి, మెరుగుపెట్టి నిజామాబాదు మార్కెట్టుకు చేర్చేవరకు ఇంటిల్లిపాదికీ తీరిక ఉండదు.

అయితే ఈసారి నా కన్ను కల్లాలకంటె రోడ్డు ప్రక్కనున్న తెల్లరాళ్లమీద పడింది. చేను చదునుచేసి, సున్నం పూసిన రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టారు. ప్లాట్లు! ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. పంట పోయింది, ఇల్లు రాలేదు, తుమ్మమొక్కలు మొలిచాయి.

నేను చూడబోయిన సంఘపెద్దగారికి రోడ్డుకు దగ్గరగా రెండెకరాలున్నది. "అయ్యగారూ, నెలకొకడు వస్తున్నడు. గుంటకు ఇంత అని చెప్తున్నడు. అమ్మేద్దాం బాపూ అని పిల్లలంటున్నరు. పదేండ్లు పసుపు పండించినా ఆ పైసలు కండ్ల చూడం. ఏం చెయ్యమంటరు?" అని అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. అప్పులున్న ఇంట్లో పిల్లలు ఆ మాట అంటే దానిని దురాశ అనగలమా?

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో 1 రాజులు 21వ అధ్యాయము చదువుకొన్నాము. అహాబు నాబోతు ద్రాక్షతోటను అడిగినది కూరతోట వేసుకొనుటకు. వెల ఇస్తానన్నాడు, ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. పైకి చూస్తే న్యాయమైన బేరమే. నాబోతు వెల చూడలేదు, పితరుల స్వాస్థ్యము చూశాడు. ఆ అధ్యాయములో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఆ ఊరి పెద్దల సంగతి. రాణి ఉత్తరము అందగానే ఒక్కడూ కాదనలేదు. నాబోతు ఒంటరివాడైపోయాడు.

"కామారెడ్డిలో అట్ల కాలేదు గదా" అన్నారు సంఘపెద్దగారు.

నిజమే. 2016 వరకు కామారెడ్డి మన జిల్లాలోనిదే. ఆ పట్టణానికి 2022 చివరలో ముసాయిదా మాస్టర్ ప్లాన్ వెలువడింది. చుట్టునున్న గ్రామాల పంటపొలాలను కాగితముమీద పారిశ్రామిక జోన్ అనీ, గ్రీన్ జోన్ అనీ, రోడ్లనీ చూపారు. ఇది ముసాయిదా మాత్రమే, ఎవరి భూమీ పోదని అధికారులు చెప్పారు. కాని అట్లా గుర్తుపడిన పొలాన్ని అవసరానికి కొనేదెవరు? 2023 జనవరి 4న అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామములో ఒక రైతు ప్రాణం తీసుకొన్నాడు. పొలము పోతుందన్న దిగులేనని గ్రామస్థులన్నారు. మరునాడు రైతులు, స్త్రీలు కలెక్టరేటు ముందు బైఠాయించారు. బంద్ జరిగింది, అభ్యంతరాలు వ్రాసి ఇచ్చారు, హైకోర్టుకు వెళ్లారు. జనవరి 20న పురపాలక సంఘము ఆ ముసాయిదాను రద్దుచేయాలని తీర్మానించింది. నేనెక్కిన బస్సు ఆగే చివరి ఊరు జగిత్యాలలోనూ అదే మాసములో రైతులు అట్లాంటి ప్లాన్‌ను వెనక్కు పంపించారు.

మోర్తాడు పట్టణము కాదు, గ్రామపంచాయతీ. ఇక్కడికి పటము రాదు, రాణి ఉత్తరము రాదు. ఒక్కొక్క చేను విడివిడిగా, ఇష్టపూర్వకంగానే అమ్ముడుపోతుంది. ఎవరిమీద ధర్నా చేయాలి? నాకు ఇదే ఎక్కువ కష్టమనిపిస్తుంది.

అయినా ఈ ప్రాంతమువారికి కలిసి నిలబడటం కొత్త కాదు. 2019 పార్లమెంటు ఎన్నికలలో మద్దతు ధర, పసుపు బోర్డు కావాలని 170 మందికి పైగా రైతులు నిజామాబాదు నుండి పోటీచేశారు. అభ్యర్థులు మొత్తం 185 మంది! బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైంది. గ్రామాభివృద్ధి కమిటీలు కూడా ఇక్కడ బలమైనవే. అవి కొన్నిచోట్ల పేదలను సాంఘికంగా బహిష్కరించిన సంగతి మనవారు మరువలేదు, కనుక ఆ బలాన్ని నేను ఊరకే పొగడను.

మరొక మాట. మన సంఘాలలో చాలామందికి అమ్ముకోవడానికి చేను లేదు. పసుపు త్రవ్వే కూలితోనే వారి పొయ్యి వెలుగుతుంది. చేను ప్లాట్లయితే ఆసామికి డబ్బు చేతికి వస్తుంది, కూలివారికి ఏమి వస్తుంది? వారిని ఎవరూ అడగరు.

2018 పంచాయతీ చట్టము ప్రకారము రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. లేఅవుట్ దరఖాస్తు పంచాయతీ ద్వారానే పైకి వెళ్లాలి. "ఆ తెల్లరాళ్ల చేనుకు అనుమతి ఉన్నదా? ప్రక్క పొలాలకు నీరు పారే కాలువ ఏమైంది?" రాబోయే సభలో ఈ రెండే అడుగుదామన్నారు సంఘపెద్దగారు. తన రెండెకరాల సంగతి ఆయన ఇంకా తేల్చుకోలేదు.

అర్జీ నాచేత వ్రాయించుకొన్నారు. తెల్లవారి, నేను బస్సుకు బయలుదేరేలోగా, పసుపు విరవడానికి వచ్చిన ఒక సహోదరి దానిని చదివించుకొని విన్నది. సెంటు భూమి లేని మనిషి. అందరికంటె ముందు ఆమే వేలిముద్ర వేసింది. సిరా అక్కరలేకుండా, వ్రేలికున్న పసుపే కాగితముమీద కొంచెం పడింది.