నీళ్ల పేజీ

బడికి కొత్తగా వెళ్లే పిల్లల భయం పోగొట్టడానికని రాసిన బొమ్మల పుస్తకాలు ఇంగ్లీషులో ఒక అర నిండా దొరుకుతాయి. తెలుగులో వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా విహారాన్ని ఆనుకుని ఉన్న గదిలో పిల్లల కోసం పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాక ఈ తేడా మాకు బాగా తెలిసొచ్చింది. హైదరాబాదులో, చెన్నైలో ఉన్న మిత్రులు తమ పిల్లలు పెద్దవాళ్లయ్యాక అట్టపెట్టెల్లో పంపినవే వాటిలో ఎక్కువ. ఆదివారం వందన అయ్యాక మేము పిల్లలను కూర్చోబెట్టుకుని బొమ్మలు చూపిస్తూ, కథ తెలుగులో చెబుతుంటాం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం జూన్‌లో బడిలో చేరబోయే చిన్నవాళ్లకే ఆ గంట.

ఆ పుస్తకాల్లో బాగా పేరున్నది ఆడ్రీ పెన్ రాసిన 'ది కిస్సింగ్ హ్యాండ్'. 1993లో వచ్చింది. చెస్టర్ అనే రకూన్ పిల్ల బడికి పోనని మారాం చేస్తుంది. తల్లి దాని అరచేతిలో ముద్దు పెట్టి, బెంగ కలిగినప్పుడు ఆ చేయి చెంపకు ఆనించుకోమని చెబుతుంది. బయలుదేరే ముందు పిల్ల కూడా తల్లి అరచేతిలో ముద్దు పెడుతుంది, అమ్మకూ బెంగ ఉంటుంది కదా అని. చక్కటి కథ. రకూన్ మన అడవుల్లో లేదు, మా పిల్లలు దాన్ని పునుగుపిల్లి అన్నారు, మేమూ సరే అన్నాం. ఆ వారమంతా వాడలో అరచేతుల్లో ముద్దులే ముద్దులు.

అయితే ఈ రకం పుస్తకాలన్నీ ఒకే భయానికి మందు వేస్తాయి. అమ్మను విడిచి ఉండాలనే భయానికి. అమ్మ గేటు దాకా వస్తుంది, చెయ్యి ఊపుతుంది, సాయంత్రం మళ్లీ అక్కడే నిలబడి ఉంటుంది. మా వాడలో మిరపకోతల కాలమంతా తల్లులు తెల్లవారుజామున నాలుగింటికే ఆటో ఎక్కుతారు. పిల్ల నిద్ర లేచేసరికి అమ్మ ఉండదు, నాయనమ్మ ఉంటుంది. అమ్మ కనబడకపోవడం ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. మరి జూన్ రాగానే ఎందుకు ఏడుస్తుంది?

అడిగాం. ఐదేళ్ల పిల్లను నేరుగా అడిగితే చెప్పదు. ఆడుకునేటప్పుడు 'బడి ఆట' ఆడమంటే చెబుతుంది. ఒక పిల్ల టీచరు వేషం వేసి హాజరు పిలుస్తూ ఇంటిపేరు దగ్గర ఆగి మూతి విరిచింది. ఆ చిన్నదానికి అది ఎవరు నేర్పారు? ఇంట్లో అక్క చేసి చూపించి ఉంటుంది. ఇంకొకడు ఒంటేలుకు వెళ్లాలంటే ఎన్నిసార్లు చెయ్యి ఎత్తాలో ఆడి చూపించాడు. టీచరు పలకనే లేదు, వాడు నిక్కరు పట్టుకుని గెంతుతూనే ఉన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు, మేమూ నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆ భయాలకు మా అరలో ఒక్క పుస్తకమూ లేదు.

మన ఇళ్లలో దీని మీద ఎప్పుడూ ఒక తగవు ఉంటుంది. పాఠకుల్లో చాలామందికి అనుభవమే అనుకుంటాం. మా విహారానికి వచ్చే ఒక తండ్రి, ఆటో నడుపుతాడు, బాబాసాహెబ్ కథ బిడ్డ బడిలో చేరకముందే చెప్పి పంపాలంటాడు. "ముందే తెలిస్తే దెబ్బ తగలదు సార్, కాసుకుంటుంది" అంటాడు. ఆయన తల్లి ఒప్పుకోదు. "ఎర్రగా పండులాంటి పిల్ల, నవ్వుకుంటా పోనీ నాయనా. తెలిసే రోజు ఎట్లాగూ వస్తది. నువ్వెందుకు తొందరపడతావు?" అంటుంది. ఇద్దరిదీ ప్రేమే. ఇద్దరికీ జవాబు చెప్పాల్సింది మేమే అన్నట్టు ఇద్దరూ మా వైపు చూస్తారు.

1900 నవంబరు 7న సతారాలోని ప్రభుత్వ హైస్కూలు రిజిస్టరులో భివా రాంజీ అంబేద్కర్ అనే పేరు ఎక్కింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2017 నుంచి ఆ రోజును విద్యార్థి దినోత్సవంగా జరుపుతోంది. ఆ బడిలో ఆయన ఒక మూల గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. బడి ఊడ్చే నౌకరు ఆ పట్టాను ముట్టడు కాబట్టి రోజూ ఇంటికి మోసుకెళ్లి మళ్లీ తెచ్చుకున్నాడు. దాహమేస్తే టీచరు అనుమతి ఒక్కటే చాలదు, ప్యూను వచ్చి కుళాయి తిప్పాలి, ప్యూను లేకపోతే నీళ్లు లేవు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా ఆయనే రాసుకున్నాడు. గోరేగావ్ ప్రయాణంలో జరిగిన అవమానం చెబుతూ, అంతకుముందే ఇవన్నీ తనకు తెలుసునని అంటాడు. అంటే తొమ్మిది పదేళ్లకే తెలుసు. తెలిసినా గోరేగావ్‌లో దెబ్బ తగలకుండా పోలేదు. ఆటో నడిపే తమ్ముడికి మేము ఇదే చెప్పాం.

ఈ కథను దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గోండు బొమ్మలతో 'భీమాయన'గా చేశారు, నవయాన 2011లో ప్రచురించింది. అద్భుతమైన పుస్తకం. పది, పన్నెండేళ్ల పిల్లల చేతికి మేమే ఇస్తాం. కానీ ఐదేళ్ల బిడ్డ బడి గుమ్మం తొక్కే ముందు రోజు రాత్రి చెప్పే కథ అది కాదని మా అభిప్రాయం. ఆ వయసు పిల్ల అది వంద ఏళ్ల కిందటి సంగతి అనుకోదు. రేపటి సంగతి అనుకుంటుంది.

అలాగని పెద్దావిడ మాట కూడా పూర్తిగా ఒప్పుకోలేం. చేదు నిజాన్ని చిన్నపిల్లల పుస్తకంలో చెప్పవచ్చునని చూపినవాళ్లు ఉన్నారు. 1960 నవంబరు 14న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఆరేళ్ల నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్, అప్పటి దాకా తెల్లపిల్లలకే పరిమితమైన విలియం ఫ్రాంట్జ్ బడిలో అడుగుపెట్టింది. చుట్టూ ఫెడరల్ మార్షల్స్, వాళ్ల అవతల తిట్లు తిట్టే గుంపు. తెల్లవాళ్లు తమ పిల్లలను బడి మాన్పించేశారు. బార్బరా హెన్రీ అనే టీచరు ఆ ఏడాదంతా ఖాళీ గదిలో ఆ ఒక్క పాపకే పాఠం చెప్పింది. ఆ రోజుల్లో రూబీని దగ్గరగా చూసిన పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ కోల్స్ 1995లో దాన్ని చిన్నపిల్లల బొమ్మల పుస్తకంగా రాశాడు. గుంపును ఆయన దాచలేదు. గుంపుతో పాటు టీచరునూ చూపించాడు. పుస్తకం మూసేశాక మా పిల్లలు అడిగింది గుంపు గురించి కాదు, ఆ టీచరమ్మ గురించి. "మన బడిలో అట్లాంటి టీచరు ఉందా?" అని.

మన బౌద్ధ కథల్లోనూ వెతికాం. సిద్ధార్థుడి మొదటి బడి రోజు లలితవిస్తరంలో ఉంది. రాకుమారుడి తేజస్సు తట్టుకోలేక గురువు విశ్వామిత్రుడే కింద పడిపోతాడు. లేచాక, అరవై నాలుగు లిపుల్లో నాకు ఏది నేర్పుతారు అని కుర్రవాడే గురువును అడుగుతాడు. గాంధార శిల్పాల్లో సిద్ధార్థుడు పొట్టేళ్లు లాగే బండిలో బడికి వెళ్లే దృశ్యం కూడా ఉంది. పొట్టేళ్ల బండి పిల్లలకు తెగ నచ్చింది. గురువు పడిపోవడం ఇంకా నచ్చింది. కానీ ఏమీ రాదని భయపడే పిల్లకు అన్నీ ముందే వచ్చిన పిల్లవాడి కథ ఏం ధైర్యం ఇస్తుంది? అందుకు చూళపంథకుడు మేలు. నాలుగు నెలలైనా ఒక్క గాథ నోటికి రాక, సొంత అన్నే విహారం నుంచి వెళ్లిపొమ్మన్నవాడు. బుద్ధుడు గుమ్మం దగ్గర ఆపి, చేతికి తెల్లటి గుడ్డ ముక్క ఇచ్చి తుడుస్తూ కూర్చోమన్నాడు. అరిగిపోయిన పలక గుడ్డ చూపించి ఈ కథ చెబితే వెనకబెంచీ పిల్లలు ముందుకు జరిగి కూర్చుంటారు.

తెలుగులో అసలేమీ లేవని కాదు. 'టోటోచాన్' మనకు 'రైలుబడి'గా వచ్చింది. హైదరాబాదు అన్వేషి వాళ్లు 2008లో అట్టడుగు వర్గాల పిల్లల జీవితాలతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో ఒక కథల వరస తెచ్చారు, గోగు శ్యామల గారు అందులో రాశారు. ప్రతి విహారంలో ఉండాల్సిన పుస్తకాలివి. కాకపోతే ఇవి చదవడం వచ్చిన పిల్లలకు. గుమ్మంలో నిలబడి ఏడ్చే పిల్లకు కావలసింది వేరు.

అందుకని రెండేళ్ల కిందట మేమే ఒకటి కుట్టాం. డ్రాయింగు షీట్లు మడిచి, దబ్బనంతో కుట్టిన పన్నెండు పేజీల పుస్తకం. దూరదేశపు బడి కాదు, మా పిల్లలు చేరబోయే ఊరి ప్రాథమిక పాఠశాలే అందులో ఉంటుంది. ఇదిగో గేటు. ఇదిగో వేపచెట్టు, చెప్పులు ఇక్కడ విడుస్తారు. ఇదిగో ఒకటో తరగతి, కిటికీ పక్కన గోడకు పెచ్చు ఊడింది. గంట మూడుసార్లు కొడితే అన్నం. నాలుగో తరగతి చదివే పిల్లలు బొమ్మలు వేశారు, వాళ్లకంటే ఆ బడి తెలిసినవాళ్లు ఎవరు? మేము పక్కన ఒక్కో వాక్యం రాశాం. పిల్లలకు తెలియనిదే భయం. గేటు ఎలా ఉంటుందో తెలిసిపోతే గేటు భయం పోతుంది.

ఏడో పేజీ నీళ్లది. బొమ్మ వేసే పిల్ల స్టీలు డ్రమ్ము వేసింది, మూత వేసింది, మూత మీద చెంబు వేసింది. "ఇప్పుడు నీళ్లు ముంచుకుని తాగుతున్న పాపను వెయ్యమ్మా" అన్నాం. పెన్సిలు ఆగిపోయింది.

"మేం చెంబు ముట్టుకోం సార్. ఆయమ్మ పోస్తుంది, దోసిలి పడతాం."

"ఆయమ్మ లేకపోతే?"

"ఇంటికొచ్చి తాగుతాం."

ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా చెప్పలేదు. బడి గంట ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. ఎవరు పెట్టారమ్మా ఈ నియమం అంటే ఎవరూ పెట్టలేదట, అట్లాగే ఉందట.

ఆ పేజీ ఏం చేయాలన్నది ఆ రాత్రి మా మధ్య పెద్ద చర్చ. చెంబుతో తాగే పాపను వేస్తే అబద్ధం. బిడ్డ మొదటి రోజే చెయ్యి చాపుతుంది, ఎవరో కసురుకుంటారు, పుస్తకాన్నీ మమ్మల్నీ ఇక నమ్మదు. దోసిలి పట్టే పాపను వేస్తే, ఐదేళ్ల బిడ్డకు దోసిలి పట్టడం మేమే నేర్పినట్టు. ఆ పేజీ తీసేద్దామని ఒకరన్నారు. దాహం మాత్రం పేజీతో పోదు కదా. చివరికి డ్రమ్ము బొమ్మ అలాగే ఉంచి, పాప ఉండాల్సిన చోటు తెల్లగా వదిలేశాం.

మేము లా చదువుకున్నవాళ్లం. చట్టాలు తెలుసు. 17వ అధికరణం ఉంది, 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నాయి. బడుగు వర్గాల పిల్లల పట్ల వివక్ష లేకుండా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదీ స్థానిక సంస్థదీ అని 2009 విద్యాహక్కు చట్టం 8, 9 సెక్షన్లు చెబుతున్నాయి. పిటిషను రాయడం మాకు అరగంట పని. రాసి సంచిలో పెట్టుకునే వెళ్లాం కూడా. కానీ ముందు తీసింది పుస్తకాన్ని. మాతో పాటు పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యురాలైన మా వాడ తల్లి ఒకామె వచ్చింది. ఆ కమిటీల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని, బలహీన వర్గాల వారికి వారి దామాషాలో చోటివ్వాలని 21వ సెక్షన్ అంటుంది. ఆమె పేరు కమిటీ కాగితాల్లో మూడేళ్లుగా ఉంది. సంతకానికి తప్ప ఎవరూ పిలవలేదు.

పెద్ద మేడమ్ పుస్తకం తిప్పుతూ మురిసిపోయింది. పెచ్చు ఊడిన గోడ చూసి నవ్వింది. ఏడో పేజీ దగ్గర, "ఇది పూర్తి కాలేదే?" అంది.

కమిటీ సభ్యురాలే మాట్లాడింది. "అక్కడ మా పాప నీళ్లు తాగే బొమ్మ రావాలి మేడమ్. ఎట్లా తాగుతున్నట్టు వెయ్యమంటారో మీరు చెబితే వేయిస్తాం."

ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తనకు తెలియదని మేడమ్ అనలేదు. అంటే నమ్మేవాళ్లం కాదు, ఆమె అనకపోవడం ఆమె గొప్ప. పది రోజులు గడువు అడిగింది. కమిటీ సమావేశం పెట్టించింది, ఊళ్లో ఇద్దరు ముగ్గురు గొణిగారని తర్వాత విన్నాం. పిటిషను సంచిలోనే ఉంది, ఉందని ఆమెకు మేము చెప్పాం కూడా. సౌమ్యంగా మాట్లాడితే చాలు మనుషులు మారిపోతారనే భ్రమ మాకు లేదు. జూన్ నాటికి డ్రమ్ముకు కుళాయి బిగించారు, చెంబు పోయి గ్లాసుల బుట్ట వచ్చింది. అందరికీ అవే గ్లాసులు. మొదటి వారం మా వాడ తల్లులు వంతుల వారీగా వెళ్లి వరండాలో కూర్చున్నారు, ఎవరినీ ఏమీ అనకుండా.

బొమ్మ వేసిన పిల్ల ఐదో తరగతికి వెళ్లాక ఆ ఖాళీ చోట పాపను వేసింది. కుళాయి తిప్పుతున్న పాప. మునివేళ్ల మీద నిలబడి ఉంది, ఎందుకంటే కుళాయి ఒకటో తరగతి పిల్లలకు కాస్త ఎత్తు. పక్కన వాక్యం మమ్మల్ని రాయనివ్వలేదు, తనే రాసుకుంది.

ఆటో నడిపే తమ్ముడి కూతురు ఈ జూన్‌లో చేరుతోంది. నాయనమ్మ ఒళ్లో కూర్చుని పుస్తకం నాలుగుసార్లు తిప్పించుకుంది. ఆ పెద్దావిడకు చదవడం రాదు, బొమ్మలు చూసి చెబుతుంది. ఏడో పేజీ దగ్గర మాత్రం ఆగి, తను చిన్నప్పుడు ఇదే బడి అరుగు కింద నిలబడి విన్న పాఠాల సంగతి మనవరాలికి చెప్పిందట. మేమైతే చెప్పమనలేదు.

ఈసారి పుస్తకానికి రెండు పేజీలు కలుపుతున్నాం. ఒకటి హాజరు పిలిచేది. రెండోది మరుగుదొడ్డిది. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరికి ఇస్తారో, ఎవరిని చెట్ల వెనక్కి పొమ్మంటారో పిల్లలు మాకు చెప్పారు. పేజీ ప్రస్తుతానికి ఖాళీగా ఉంది. సోమవారం పెద్ద మేడమ్‌ను కలుస్తున్నాం.