రెండు నెలల ప్రయాణం, ఏడాది బాధ్యత

నాచారం సందుల్లో ఒక దృశ్యం సర్వసాధారణమైపోయింది. ఇంటి యజమాని గల్ఫ్‌లో ఉంటాడు. ఆయన కారు మాత్రం ముసుగు కప్పుకొని గోడవారగా నిలిచి ఉంటుంది. ఇంట్లో నికాహ్ కుదిరినప్పుడో, పిల్లలకు పరీక్షలు వచ్చినప్పుడో ఆ ముసుగు తొలగుతుంది. ఉప్పల్ రింగు రోడ్డు దాటి ఘట్‌కేసర్ వైపు కళాశాలలకు వెళ్ళే విద్యార్థులకు ఆ కారుపై మనసు పోవడంలో వింత లేదు. మెట్రో రైలు ఆ దిక్కుకు వెళ్ళదు. వరంగల్ రహదారిపై పైవంతెన పనులు ఏళ్ళ తరబడి సాగడంతో బస్సు ప్రయాణం ఓపికకు పరీక్షగా మారింది.

అటువంటి విద్యార్థి ఒకరు అస్ర్ నమాజు తరువాత మా వద్దకు వచ్చి ఇలా అడిగాడు: "హజ్రత్! మామూ రియాద్ వెళ్తూ కారు నాకు అప్పగించారు. నేను నడిపేది రెండు నెలలే. బీమా గడువు ముగిసింది. రెండు నెలలకే బీమా దొరుకుతుందా? అసలు బీమా చేయించడం జాయిజేనా?" ఒకటి లోకవ్యవహారానికి, మరొకటి ధర్మానికి సంబంధించిన ప్రశ్న. రెండూ అనేక కుటుంబాలకు అవసరమైనవే గనుక ఇక్కడ వివరిస్తున్నాము.

మొదటి ప్రశ్నకు సమాధానం మోటారు వాహనాల చట్టం, 1988లో ఉంది. ఆ చట్టం 146వ సెక్షన్ ప్రకారం, మూడో పక్షానికి, అంటే రోడ్డు మీద మన వల్ల నష్టపోయే పరాయి వ్యక్తికి, పరిహారం చెల్లించే బీమా లేకుండా ఏ వాహనమూ బహిరంగ స్థలంలో తిరగరాదు. ఈ బీమాను సాధారణంగా ఏడాదికి తక్కువ కాకుండా తీసుకోవాలి. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేళ్ళకు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళకు ఒకేసారి చేయించడం తప్పనిసరి అయింది. కనుక "నేను నడిపే రెండు నెలలకే" అన్న మాట ఇక్కడ చెల్లదు. బీమా లేకుండా మొదటిసారి పట్టుబడితే రెండు వేల రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఖర్చు ఎక్కువని భావించేవారు ఈ లెక్క చూడాలి. 2022 జూన్ నుండి అమలైన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు మూడో పక్ష బీమా ఏడాదికి 2,094 రూపాయలు, పన్ను అదనం. అంటే రోజుకు ఆరు రూపాయల లోపే. మన సొంత కారుకు జరిగే నష్టానికి చేయించే బీమా వేరు. దానికి చట్టనిర్బంధం లేదు. తక్కువగా తిరిగే వాహనాలకు, నడిచిన కిలోమీటర్లను బట్టి ఆ భాగంలో ప్రీమియం తగ్గించే సదుపాయాన్ని బీమా నియంత్రణ సంస్థ 2022 జులైలో అనుమతించింది. గోడవారగా నిలిచే కారుకు తగినది అదే.

బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలు వేరే మాట చెబుతారు. అక్కడ గంటకు, రోజుకు, నెలకు కూడా కారు బీమా దొరుకుతుంది. స్నేహితుని కారు ఒక్క రోజు నడపవలసి వచ్చినా తన పేరున బీమా ఉండాలి. ఎందుకంటే అక్కడ ఎవరు నడుపుతారన్నదే ప్రధానం. బీమా లేకుండా దొరికితే సాధారణంగా మూడు వందల పౌండ్ల జరిమానా, లైసెన్సుపై ఆరు పాయింట్లు పడతాయి. అక్కడి లైసెన్సు పొంది రెండేళ్ళు నిండనివారికి ఆ ఆరు పాయింట్లతో లైసెన్సే రద్దవుతుంది. ప్రీమియం తగ్గుతుందని, కొడుకు నడిపే కారుకు తండ్రిని ప్రధాన డ్రైవరుగా చూపించడం అక్కడ మోసం కింద లెక్క. మన ధర్మంలోనూ అది అబద్ధపు సాక్ష్యమే.

మన దేశంలో బీమా వాహనాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. మామూ పేరున పాలసీ అమలులో ఉండి, మేనల్లుడికి సరైన లైసెన్సు ఉంటే, అతని వల్ల గాయపడిన బాటసారికి ఆ పాలసీయే రక్షణ. లైసెన్సు లేనివాడు నడిపితే, బీమా సంస్థ ముందు బాధితునికి చెల్లించి తరువాత ఆ సొమ్మును యజమాని నుండి వసూలు చేసుకొనేలా న్యాయస్థానాలు ఆదేశిస్తున్నాయి. రియాద్‌లో ఉన్న మామూ మీదే ఆ భారం పడుతుంది.

చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. పాలసీలోని పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని స్వయంగా నడిపినప్పుడు ఆయనకే వర్తిస్తుంది. కారు అరువు తెచ్చుకొని నడిపేవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్లేనని, కనుక అతడు మూడో పక్షం కాజాలడని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక మేనల్లుడికి ఏదైనా జరిగితే అతని తల్లిదండ్రులకు ఆ పాలసీ నుండి ఏమీ అందకపోవచ్చు. అతని పేరున ప్రత్యేకంగా ప్రమాద బీమా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

తెల్ల నంబరు ప్లేటు గల సొంత కారును పరిచయస్తులు విద్యార్థులకు రోజు కిరాయికి ఇవ్వడం కూడా కనిపిస్తున్నది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయికి వర్తించదు. అద్దెకు తీసుకొని స్వయంగా నడుపుకొనే కార్లకు నల్ల ప్లేటుపై పసుపు అక్షరాలు ఉంటాయి. అది చూసి తీసుకోవాలి.

ఇక ధర్మానికి సంబంధించిన ప్రశ్న. వాణిజ్య బీమాలో వడ్డీ, అనిశ్చితి, జూదపు పోలిక ఉన్నాయని ఉలమా అభ్యంతరం తెలిపారు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1985 డిసెంబరులో ఆ అభిప్రాయాన్నే తీర్మానించి, పరస్పర సహకార బీమాను ప్రత్యామ్నాయంగా సూచించింది. దానినే తకాఫుల్ అంటారు. మన దేశంలో మోటారు వాహనాలకు అటువంటి ఏర్పాటు లేదు. కనుక చట్టం నిర్బంధించిన మూడో పక్ష బీమాను పలువురు ఉలమా అవసరంగా పరిగణించి అనుమతించారు. దానికి మించినది తీసుకోదలచినవారు తమకు నమ్మకమైన ముఫ్తీని సంప్రదించాలి.

అయితే దీనిని కేవలం ప్రభుత్వం విధించిన బెడదగా చూడటం తగదు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 92వ ఆయత్, పొరపాటున జరిగిన హత్యకు కూడా మృతుని కుటుంబానికి దియత్ చెల్లించాలని ఆదేశించింది. "కావాలని చేయలేదు" అన్న మాటతో ఆ అనాథల హక్కు తీరిపోదు. అంత మొత్తం ఒక్కడు భరించలేడు గనుక, ఆఖిలా అనబడే అతని బంధువర్గం మూడేళ్ళలో పంచుకొని చెల్లించే ఏర్పాటు ధర్మశాస్త్రంలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) సైనికుల దీవాన్‌ను నెలకొల్పిన తరువాత, ఒకే దీవాన్‌లో నమోదైనవారు ఒకరికొకరు ఆఖిలాగా నిలిచారు. హనఫీ ఫిఖహ్ దీనినే ఆధారంగా తీసుకొని, ఆఖిలాకు మూలం రక్తసంబంధం ఒక్కటే కాదు, పరస్పర సహాయం అని చెప్పింది. నేటి బీమా ఒప్పందం దానితో సమానం కాదు. కాని బాధితుని హక్కు చెల్లించేవాని పేదరికంలో మునిగిపోరాదన్న ఉద్దేశం రెండింటిలోనూ ఉంది.

2022 ఒక్క ఏడాదిలో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక తెలిపింది. మాకు తెలిసిన ఒక కూరగాయల వ్యాపారి కుటుంబం ఆ దుఃఖాన్ని మరో ఏడాది అనుభవించింది. ఢీకొన్న కారుకు బీమా గడువు కొద్ది రోజుల ముందే ముగిసింది. కారు నడిపిన యువకుని తండ్రి కూతురి పెళ్ళికని దాచిన ప్లాటు అమ్మి కొంత ఇచ్చాడు. ఇచ్చినవారికీ చాలలేదు, పుచ్చుకున్నవారికీ చాలలేదు. రెండు ఇళ్ళలో ఎవరూ చెడ్డవారు కారు. మన కుటుంబమే బాధితుల స్థానంలో ఉంటే, ట్రిబ్యునల్‌లో పరిహారం కోరడానికి చట్టం ఆరు నెలల గడువు విధించిందని గుర్తుంచుకోవాలి.

అరువు తెచ్చుకున్న వస్తువు హనఫీ ఫిఖహ్‌లో అమానత్. అలక్ష్యం చేస్తే దానికి బాధ్యత వహించవలసిందే. వాహనం తాళంతో పాటు పాలసీ కాగితం, లైసెన్సు, నడిపేవాని వయసు చూడటం ఆ అమానత్‌లో భాగమే. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడికి తాళం ఇస్తే పెద్దలకు ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నాయి. ఈ జుమా నమాజు నుండి ఇంటికి రాగానే, ముసుగు కింద ఉన్న కారు పాలసీ కాగితం తీసి గడువు తేదీ ఒక్కసారి చూడండి. గడువు దాటి ఉంటే, కొత్త పాలసీ చేతికి వచ్చేదాకా ఆ ముసుగు తీయకండి.