దండు వెంట వచ్చిన మాటలు

ఆదివారం పొద్దున చంపాపేట్ మటన్ షాపుల ముందు లైను కడతారు. దేవరకొండ వైపు తండాల నుంచి పిల్లల చదువు కోసమో పని కోసమో సాగర్ రోడ్డు పట్టుకొని వచ్చి ఇక్కడ కుదురుకున్న మాలాంటివాళ్లం కూడా ఆ లైనులో ఉంటాం. తండాలో పెంచినన్నాళ్లు అది మేక, గొర్రె. బోర్డు మీదికి ఎక్కేసరికి మటన్. అది ఇంగ్లీషు మాటే కదా అనుకుంటాం. ఇంగ్లీషుకు కూడా అది పరాయిదే. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చి ఇంగ్లండును గెలిచారు. గొర్రెకు వాళ్లు వాడే మాట నుంచే మటన్ వచ్చింది. కాసే పల్లెటూరివాడికి అది షీప్‌గానే మిగిలింది, దొర కంచంలో పడ్డాక మటన్ అయింది. పంది కూడా అంతే. మేపినవాడికి పిగ్, తిన్నవాడికి పోర్క్.

మా పిల్లలు ఇంట్లో గోర్ బోలి మాట్లాడాల్సి వస్తే కింది వాటావాళ్లకు వినబడుతుందని గొంతు తగ్గిస్తారు. "మనది అన్నీ కలిసిన భాష డాడీ, లిపి కూడా లేదు" అన్నాడు మావాడు. సరే, వాడు అంత గౌరవించే ఇంగ్లీషు సంగతేమిటో చూద్దామని ఇద్దరం కూర్చున్నాం.

ఐదో శతాబ్దంలో రోమన్లు వెళ్లిపోయాక, ఇప్పటి జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు సముద్రం దాటి బ్రిటన్‌కు వచ్చారు. అప్పటికే అక్కడ ఉన్నవాళ్లను వాళ్లు పరాయివాళ్లు అని పిలిచారు. వెల్ష్ అనే పేరు ఆ పిలుపు నుంచే పుట్టింది. ఇంటివాణ్ణే పరాయివాడు అన్నారన్నమాట. అడవిలో తాతల నాటి నుంచీ ఉన్నవాళ్లను ఆక్రమణదారులు అనడం విన్న మనకు ఇది కొత్తేం కాదు. ఆ పాతవాళ్ల మాటలు ఇంగ్లీషులో చాలా కొద్దిగా మిగిలాయి, ఎక్కువగా నదుల పేర్లలో. ఏవన్ అంటే వాళ్ల భాషలో నది. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు ఏవన్ నది అంటే "నది నది" అన్నట్టే. వెల్ష్ మాత్రం చావలేదు. ఈరోజు వేల్స్ బళ్లలో పిల్లలు దాన్ని చదువుకుంటున్నారు.

ఆ తర్వాత వైకింగులు. 793లో లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకున్నారు. దోచుకొని పోయేవాళ్లు కొన్ని తరాలకు ఉత్తరాన, తూర్పున భూములు దున్నుకుంటూ పెళ్లిళ్లు చేసుకొని ఉండిపోయారు. వాళ్ల దగ్గర ఇంగ్లీషు తీసుకున్న మాటలు చూడండి: ఎగ్, నైఫ్, స్కై, విండో, హస్బెండ్. ఇంకా వింత, దే, దెమ్, దెయిర్ కూడా వాళ్లవే. కొత్త వస్తువుకు కొత్త మాట ఎవరైనా తీసుకుంటారు. "వాళ్లు" అనే మాటనే పక్కవాడి దగ్గర తీసుకోవాలంటే రోజూ పొలం గట్టు మీద కలవాలి, వియ్యమందాలి. పాత ఇంగ్లీషులో మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు చాలా ఉండేవి. అవి రాలిపోవడానికి ఈ కలగలుపు కూడా ఒక కారణమని చాలామంది పండితులు అంటారు.

నార్మన్ల మాటలు వేరే దారిలో వచ్చాయి. కోర్ట్, జడ్జ్, ప్రిజన్, టాక్స్. కచేరీ నుంచి కిందికి దిగిన మాటలు. కోర్టులో ఇంగ్లీషులో వాదించాలని 1362లో చట్టం చేశారు, ఆ చట్టాన్నే ఫ్రెంచిలో రాశారు! మావాడు పడీపడీ నవ్వాడు.

మన దగ్గర జప్తు, వసూలు, జామీను, వకీలు, ఫిర్యాదు అన్నీ ఆ రకమే. నిజాం రాజ్యంలో ముందు పారశీకం, 1880ల నుంచి ఉర్దూ కచేరీ భాషలు. తండాకు ఆ మాటలు కాగితాలతో వచ్చాయి. దుక్కి, నాట్లు, కలుపు మాత్రం మా ఇంట్లోకి పక్క ఊరి తెలుగు రైతుల దగ్గర నుంచి వచ్చాయి.

అసలు మన గోర్ బోలి కూడా దండు వెంటే దక్కనుకు వచ్చింది. రాజస్థాన్ భాషలకు చుట్టం అది. పదిహేడో శతాబ్దంలో మొఘల్ సైన్యాలకు ఎద్దుల మీద ధాన్యం మోస్తూ మనవాళ్లు దక్షిణానికి దిగారు. గెలిచినవాళ్లం కాదు, ఓడినవాళ్లం కాదు, బస్తాలు మోసినవాళ్లం. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ పని పోయాక తండాలు కట్టుకొని సేద్యంలోకి దిగాం. లిపి సంగతంటారా, తెలంగాణలో తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడంలో. ఇంగ్లీషు రాసే అక్షరాలు రోమువి. 597లో క్రైస్తవ గురువులు వచ్చాకే అక్కడ అవి వాడుకలో కుదిరాయి.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని పిల్లలకు దాచలేదు. నార్మన్ దొరలు కొద్దిమంది, ఇంగ్లీషు మాట్లాడే రైతులు లక్షలు. దొర ఏ భాష మాట్లాడినా గుడిసెలో తల్లి బిడ్డతో ఇంగ్లీషే మాట్లాడింది. చివరికి దొరల మనవళ్లే దాన్ని నేర్చుకున్నారు. చంపాపేట్‌లో మన లెక్క అటుది ఇటు. 2011 జనగణనలో 32 లక్షల మందికి పైగా తమ మాతృభాష లంబాడీ అని చెబితే దాన్ని హిందీ కింద కలిపి లెక్కేశారు. నల్లమల చెంచులు ఈరోజు మాట్లాడేది తెలుగే. పరాయి మాట కలిస్తే భాష పోతుందని మాకు భయం లేదు. కలవడానికి మనది అనేది ఇంట్లో ఉండాలి కదా, భయం అక్కడ.

టీచర్లను ఒకటి అడుగుతున్నాం. పాఠంలో ఎగ్, మటన్ వచ్చిన రోజు, ఇంట్లో దాన్ని ఏమంటారని గోండు పిల్లను, కోయ పిల్లాడిని, మా పిల్లలను అడగండి. బోర్డు మీద పక్కపక్కన రాయించండి. పది నిమిషాల పని.

మేము ఇప్పుడు తండాకు ఫోన్ చేసినప్పుడు పిల్లలకే ఇస్తున్నాం. సగం మాటలు ఇంగ్లీషువే వేస్తారు. యాడి ఆపదు. ప్రాజెక్ట్ అంటే ఏమిటని అడిగింది. మరుసటి ఆదివారం ఆ మాటకు మన బోలి తోక తగిలించి, "అది అయిపోయిందా" అని తనే అడిగింది.