టైపురైటరు కాదట!

మార్చింది నాలుగే లైన్లు. ఫైలు తెరుచుకోకపోతే కారణం చెప్పేచోట, కొత్తగా చేరిన అమ్మాయి కోడ్‌ని కాస్త సర్దింది. జరిగింది ముందు లాగ్ ఫైల్లో రాయడం, తర్వాత కారణం తెరమీద చూపించడం... అంతే. రివ్యూ చేసే సీనియర్ 'ఓకే' అనేసేవాడే. ఎందుకైనా మంచిదని, తెరవడానికి అనుమతిలేని ఫైలుతో ఓసారి నడిపి చూశాడు. 'పర్మిషన్ డినైడ్' అని రావాలి. వచ్చిందేమో 'ఇనాప్రోప్రియేట్ ఐయాక్టల్ ఫర్ డివైస్'!

సీ భాషలో తప్పు జరిగితే దాని నంబరు ఒకేచోట ఉంటుంది, పలకమీద రాసినట్టు. లాగ్ ఫైల్లో మొదటిసారి రాసేటప్పుడు కొన్ని లైబ్రరీలు 'ఇది టెర్మినలేనా?' అని ఆరా తీస్తాయి. 'కాదు' అన్న జవాబు పలకమీది పాత నంబరుని చెరిపేస్తుంది. పాత యూనిక్స్‌లో ఆ జవాబు 'నాట్ ఎ టైప్‌రైటర్' అని కనిపించేది. టెలిటైపుల కాలంనాటి మాట. మెయిల్ ఎందుకు పోలేదయ్యా అంటే టైపురైటరు కాదంటే ఏం అర్థమవుతుంది, పాపం!

అతను తిట్టలేదు.

"చూడమ్మా, రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి ఇది కనిపిస్తే ఏంచేస్తాడు?"

"తెల్లవార్లూ మిషన్నే అనుమానిస్తాడు సార్."

లాగ్ రాయకముందే నంబరుని దాచుకునే లైను ఒకటి చేర్చింది. మళ్లీ నడిపారు. ఈసారి 'పర్మిషన్ డినైడ్' అనే వచ్చింది.