కాల్చకుండా తెచ్చిన తుపాకి

ఇటుకల పండుగకు అడవికి వెళ్ళిన మగవాళ్ళు ఉత్తి చేతులతో తిరిగొస్తే, ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు పేడనీళ్ళతో కాచుకుని ఉండేవారు. మా తాత చాలా ఏళ్ళు ఆ నీళ్ళు పోయించుకున్నవాడే. మేము పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ నవ్వులన్నీ అయ్యాక, స్నానం చేసి చోడంబలి తాగాక, తాత ఒక పని చేసేవాడు. వేట పాటల్లో ఆ పని ఎక్కడా వినిపించదు. కాల్చకుండా తెచ్చిన నాటు తుపాకిలోంచి మందు, రవ్వలు బయటికి తీసేవాడు.

మమ్మల్ని గోడ వెనక్కి పొమ్మనేవాడు. మేము సందులోంచి చూసేవాళ్ళం. ముందు కేపు తీసి నాయనమ్మ చేతిలో పెట్టేవాడు. గొట్టం మూతి తన వైపు కాకుండా, ఇంటి వైపు కాకుండా, కొండ వైపు తిప్పి ఉంచేవాడు. దట్టించే ఇనుప కడ్డీ మీద రెండు గాట్లు ఉండేవి. ఖాళీ గొట్టంలో కడ్డీ పై గాటు దాకా దిగుతుంది. మందు ఉంటే నాలుగు వేళ్ళ ఎత్తున, కింది గాటు దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఎవరు ఏం చెప్పినా తాత నమ్మేవాడు కాదు, కడ్డీ వేసి చూసుకునేవాడు. గొట్టంలో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, తెల్లవారాక కడ్డీకి బరమాలాంటి మెలి మొన బిగించి, పీచు ఉండను గుచ్చి లాగేవాడు. రవ్వలు రాలేవి. తర్వాత నల్లటి ముద్ద. దాన్ని పొయ్యికి దూరంగా, పెంటగుంటలో కలిపేసేవాడు. నాయనమ్మ రవ్వలు ఏరి డబ్బాలో వేసేది.

తాత పోయాక తుపాకి చిన్నాన్నకు వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉండటమే నేరం. ఇవి మాకు అప్పుడు తెలియవు. అడవి పందులు చోడి చేను తొక్కేస్తుంటే మంచె మీద కూర్చోవడానికి చిన్నాన్న దాన్ని తీసుకెళ్ళేవాడు. ఒక వానాకాలం దట్టించాడు, పంది రాలేదు. నీళ్ళు పోశాడు. మెలి మొన ఎక్కడ పెట్టారో కనపడలేదు. తడిసింది కదా, చచ్చిపోయిందిలే అని తుపాకిని అటక మీద పడేశాడు.

నాటు మందు తడిస్తే చావదు. ఆరితే మళ్ళీ అంటుకోగలదు. పొయ్యి పొగ తగిలే అటక మీద అది ఎండాకాలం దాకా ఆరింది. మా తమ్ముడు దించి చూస్తే కేపు పెట్టే చోట తుప్పు బిగుసుకుపోయి ఉంది. వేడి చేస్తే వదులవుతుందని ఆ కొసను నిప్పుల మీద పెట్టాడు, ఎడమ చేత్తో గొట్టం మూతి పట్టుకున్నాడు.

రెండు వేళ్ళు పోయాయి. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్ళాం. ఆసుపత్రిలో అడిగితే టపాకాయ పేలిందని చెప్పాం. పోలీసు కేసు భయం. డాక్టరు నమ్మలేదు, కానీ మరో మాట అనలేదు. ఊళ్ళో కూడా అదే అబద్ధం చెప్పాం. దాంతో ఏం జరిగింది? మా పక్కింటి అటక మీద దట్టించి ఉన్న తుపాకి అలాగే ఉండిపోయింది. మేము నిజం చెప్పి ఉంటే ఆ ఇంటివాళ్ళు కనీసం కడ్డీ వేసి చూసుకునేవారు. ఇప్పుడు బడిలో పాఠం చెబుతున్న మాకు ఇది గుర్తొస్తే ఇబ్బందిగానే ఉంటుంది.

అల్లూరి సీతారామరాజు పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు తుపాకుల గురించే అడుగుతారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి, గాము గంటందొర, మల్లుదొరల ధైర్యం, అన్నీ చెబుతాం. దట్టించడం, కాల్చడం కథ అవుతుంది. ఖాళీ చేయడం కథ కాదు. తాతకు తెలిసింది ఆ రెండోదే ఎక్కువ, పేడనీళ్ళ లెక్క చూస్తే.

ఆమధ్య తమ్ముడు ఫోన్లో ఒక పనిముట్టు చూపించాడు. అమెరికాలో కొందరు ఇంట్లోనే తూటాలు మళ్ళీ నింపుకుంటారు. మందు ఎక్కువైందనో, అసలు పోయలేదనో అనుమానం వస్తే గుండు ఊడదీసి చూడాలి. దానికి ప్లాస్టిక్ సుత్తిలాంటిది దొరుకుతుంది, తల భాగం బోలుగా ఉంటుంది. తూటాను అందులో బిగించి గట్టి చెక్క మీద కొడితే గుండు తన బరువుకే ముందుకు జారి, మందుతో సహా ఆ బోలులో పడుతుంది. కళ్ళకు అద్దాలు పెట్టుకుని చేస్తారు. ఎందుకంటే అడుగున ఉండే నిప్పు బిళ్ళ ఇంకా బతికే ఉంటుంది. అంచులోనే నిప్పు మందు ఉండే చిన్న తూటాలను మాత్రం ఆ సుత్తిలో పెట్టకూడదు, దెబ్బకు పేలవచ్చు. తమ్ముడు ఇదంతా మూడు వేళ్ళ చేత్తో ఫోన్ పట్టుకుని చెప్పాడు. "తాత కూడా అద్దాలు పెట్టుకుంటే బాగుండేవాడు" అని నవ్వాడు.

కొన్నేళ్ళ కిందట నాటు తుపాకులు తెచ్చి ఇచ్చేయమని, ఇస్తే కేసు ఉండదని ఊళ్ళకు కబురు వచ్చింది. మా వీధిలో మూడు బయటపడ్డాయి. గోనెసంచిలో చుట్టి ఆటోలో వేయబోతుంటే నాయనమ్మ అడ్డం వచ్చింది. "కడ్డీ వేసి చూశారా?" అంది. ఎవరూ చూడలేదు. ఆమె తన పెట్టెలోంచి తాత కడ్డీ తీసింది, గుడ్డలో చుట్టిన మెలి మొన కూడా. ఇన్నాళ్ళూ అది ఆమె దగ్గరే ఉంది. చిన్నాన్న అడగలేదు, ఆమె చెప్పలేదు. మూడింటిలో ఒకదానిలో కడ్డీ కింది గాటు దగ్గరే ఆగింది. పక్కింటిది.

ఆటో అతన్ని మర్నాడు రమ్మన్నాం. నాయనమ్మ మమ్మల్ని గోడ వెనక్కి పొమ్మంది. మాలో ఇద్దరికి అప్పటికే జుట్టు నెరిసింది, అయినా వెళ్ళాం. తెల్లవారాక పీచు లాగి, ముద్ద పెంటగుంటలో కలిపి, రవ్వలు ఏరింది. మళ్ళీ కడ్డీ వేసింది. పై గాటు దాకా దిగింది.

తుపాకులు మూడూ వెళ్ళిపోయాయి. కడ్డీ మాత్రం ఇవ్వలేదు. దాంతో ఇప్పుడు పొయ్యిలో నిప్పులు కదుపుతోంది.