పద్దెనిమిది నిండిన మర్నాడు

దిక్కులేని ఆడపిల్లల వసతిగృహం ఒకటి చూసి రాయమని సంపాదకుడు పురమాయిస్తే హైదరాబాద్‌లో ఒక చోటికి వెళ్లాను. రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో, ఫుట్‌పాత్‌ల మీద దొరికి, శిశు సంక్షేమ సమితి ఉత్తర్వుతో వచ్చిన పిల్లలు అక్కడ ఉంటారు. నిర్వాహకురాలు కంప్యూటర్ గది, వంటగది, దాతల పేర్లు చెక్కిన పలకలు వరసగా చూపించబోయారు. నేను మగ్గం దగ్గరే ఆగిపోయాను.

కొయ్య ఫ్రేముకు బిగించిన పచ్చ పట్టుగుడ్డ మీద ఒక అమ్మాయి ఆరీ సూదితో పనిచేస్తోంది. కుడిచెయ్యి పైనుంచి గుచ్చుతుంటే, ఎడమచెయ్యి గుడ్డ కింద దారాన్ని సూది కొక్కేనికి తగిలిస్తోంది. కింద ఏం జరుగుతోందో కంటికి కనపడదు, వేళ్లకే తెలియాలి. చూస్తుండగానే గొలుసుకుట్టు నెమలి మెడలా వంపు తిరిగింది. ఎవరిదో పెళ్లి జాకెట్టు. చివర్న ముడి గట్టిగా వేసి, "ఇది సరిగ్గా పడకపోతే కుట్టిందంతా ఊడొస్తది మేడమ్" అంది.

పక్కన పూసలు ఏరుతున్న అమ్మాయి మాత్రం నాతో కాదు, వార్డెన్‌తో మాట్లాడుతోంది. "పని ఇస్తనన్నరు అక్కా. హాస్టల్ల జాగనే ఇస్తలేరు. అమ్మానాయిన నంబరియ్యమంటుండ్రు. యాడికెల్లి తెచ్చియ్యాలె?" ఆ అమ్మాయికి వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయట.

దాని తర్వాత చూపించినవేవీ నా తలకెక్కలేదు. పద్దెనిమిదేళ్ల దాకా తిండి, బడి, మందులు అన్నీ చూసుకుని, ఆ మర్నాడు ఎక్కడ పడుకుంటుందో ఎవరూ అడగకపోతే ఆ పెంపకానికి చివరి ముడి పడనట్టే. చట్టంలో దారి లేదా అంటే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం సంస్థ నుంచి బయటికొచ్చిన వాళ్లకు అనంతర సంరక్షణ ఇవ్వవచ్చంటుంది. అది మామూలుగా 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా. కానీ ఇచ్చి తీరాలని లేదు. కేంద్రం మిషన్ వాత్సల్య కింద అందుకు నెలకు నిర్ణయించిన మొత్తం 4,000 రూపాయలు. ఆ డబ్బు వేళకు చేతికందినా, అమీర్‌పేటలో భోజనంతో సహా ఒక మంచం దొరకడం కష్టం.

మన దాతృత్వమూ పద్దెనిమిది లోపు పిల్లల దగ్గరే ఆగుతుంది. పుట్టినరోజు కేకులు, బిర్యానీ పొట్లాలు, పిల్లల మధ్య నిలబడి ఫోటోలు. పందొమ్మిదేళ్ల అమ్మాయి పక్కన నిలబడి అద్దె అగ్రిమెంటులో హామీ సంతకం పెట్టడానికి మాత్రం ఎవరూ రారు. మగ్గం పని నేర్పితే చాలు, తన కాళ్ల మీద తాను నిలబడుతుందని అందరూ అంటారు. గొళ్లెం పడే తలుపు, తిరిగిచ్చే అడ్వాన్సు, జ్వరమొస్తే ఫోన్ ఎత్తే మనిషి లేకుండా ఏ పనీ ఆడపిల్లను కాపాడదు.

అనంతర సంరక్షణను ప్రభుత్వాలు హక్కుగా మార్చాలి. అందాకా మనం చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో ఖాళీ గది ఉండి, అమ్మానాన్నలు లేని అమ్మాయి అద్దెకు అడిగితే, పెద్దవాళ్లను తీసుకురమ్మని వెనక్కి పంపకండి.